ప్లయా డెల్ కార్మెన్‌లో 'ఫ్రెష్ లాబ్‌స్టర్' అంటే ఒక్క నిమిషం ఆగండి

స్ప్రింగ్ బ్రేక్‌కి మెక్సికోలోని కాన్‌కూన్, ప్లయా డెల్ కార్మెన్ వైపు టికెట్లు తీసుకున్నవాళ్ళు ఇది చదివి వెళ్ళండి. మొన్న మార్చిలో డాలస్ నుంచి మేం నలుగురం, మా ఆడపడుచు, అన్నయ్యగారు కలిసి వెళ్ళాం. సముద్రానికి వంక పెట్టేది లేదు, హోటల్ కూడా బాగుంది. ఒక్క రాత్రి భోజనానికి మాత్రం 8,268 పెసోలు వదిలాయి. ఎలా వదిలాయో చెప్తాను.

ప్లయాలో క్వింతా అవెనిదా అని ఒక వీధి ఉంటుంది. అంటే ఐదో అవెన్యూ. కార్లు రావు, బీచ్ పక్కనే పొడుగ్గా సాగుతుంది, రెండువైపులా హోటళ్ళు, షాపులు. ప్రతి హోటల్ ముందూ మెనూ పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు. మమ్మల్ని చూడగానే వాళ్ళలో ఒకతను "అమిగో, నమస్తే" అన్నాడు. ఆ నమస్తేకే సగం పడిపోయాం. కూర్చోగానే ఐసు పరిచిన పళ్ళెం తెచ్చి చూపించాడు. రెండు పెద్ద లాబ్‌స్టర్లు, ఒక రెడ్ స్నాపర్ చేప. "ఈ పొద్దున పట్టినవే" అన్నాడు. మెనూలో లాబ్‌స్టర్ ఎదురుగా 190 అని ఉంది. దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో '100 గ్రాములకి' అని ఉన్నట్టు బిల్లు వచ్చాకే కనిపించింది.

190 పెసోలంటే 11 డాలర్లు. అంత లాబ్‌స్టర్ 11 డాలర్లకి ఎవడిస్తాడని అనుమానం రావాలి కదా! రాలేదు. సెలవులకి వెళ్తే బుర్ర కూడా సెలవు పెట్టేస్తుంది.

లాబ్‌స్టర్లు కాల్చి తెచ్చాక మా చిన్నాడు "అమ్మా, పంజాలేవి?" అని అడిగాడు. బోస్టన్‌లో తిన్నప్పుడు వాడికి నచ్చింది ఆ పంజాల్లో కండే. కరేబియన్ సముద్రపు లాబ్‌స్టర్‌కి పెద్ద పంజాలుండవు, తినేదంతా దాదాపు తోకలోనే. తల, కాళ్ళు, పెంకు అన్నీ తూకంలోకి వస్తాయి, మన ప్లేట్లోకి వచ్చేది మాత్రం తోక. పైగా పళ్ళెంలో చూపించినవీ, వండి తెచ్చినవీ ఒకటేనని నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. తూకం మా ముందు వేయలేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మా అమ్మ మొప్పలు ఎత్తి చూడకుండా చేప కొనదు. ఆవిడ కూతుర్ని అయ్యుండి నేను కళ్ళప్పగించి కూర్చున్నాను.

బిల్లు ఇదీ. లాబ్‌స్టర్లు 2.2 కిలోలు, 4,180. చేప 1.8 కిలోలు, 1,620. సెవిచే (నిమ్మరసంలో నానిన పచ్చి చేప ముక్కలు) రెండు ప్లేట్లు 520. నిమ్మరసాలు ఆరు, 570. ఆ కింద 'సర్వీస్' అని 20 శాతం, 1,378. మా వారు అడిగితే "ఇక్కడ అందరూ ఇస్తారు" అన్నాడు వెయిటరు. అక్కడ టిప్పు మన ఇష్టం, బలవంతంగా బిల్లులో కలపకూడదు. మామూలుగా 10 నుంచి 15 శాతం ఇస్తారు. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. పిల్లలు నిద్రకి తూగుతుంటే గొడవెందుకని కార్డు ఇచ్చేశాం.

అక్కడా ఇంకో దెబ్బ తగిలింది. కార్డు మెషీన్ మీద పెసోలా, డాలర్లా అని వచ్చింది. వెయిటరే చటుక్కున డాలర్లు నొక్కేశాడు. ఆ రోజు డాలరుకి 17 పెసోల దాకా వస్తుంటే, మాకు పడింది 15న్నర లెక్కన. 486 డాలర్లు కావాల్సింది 533 అయింది. మెషీన్ మీరే చేతిలోకి తీసుకుని పెసోలు నొక్కండి. "ఎన్ పెసోస్, పొర్ ఫవోర్" అంటే చాలు. ఇంకొకటి, అక్కడ పెసోకీ డాలరు గుర్తే వేస్తారు. మెనూలో ఆ గుర్తు చూసి కంగారు పడకండి, అలాగని ఊరికే నమ్మకండి, ఏ కరెన్సీయో అడగండి.

అసలు కొసమెరుపు మర్నాడు పొద్దున. హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయికి గోడు వెళ్ళబోసుకుంటే ఆవిడ నవ్వి "మార్చిలో ఫ్రెష్ లాబ్‌స్టరా?" అంది. ఆ తీరంలో మార్చి 1 నుంచి జూన్ 30 దాకా లాబ్‌స్టర్ వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలమని. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట ఆపుతారు కదా, అలాంటిదే. అంటే మేం తిన్నది ఫ్రీజర్‌లోదైనా అయ్యుండాలి, దొంగతనంగా పట్టిందైనా అయ్యుండాలి. 'ఈ పొద్దున పట్టింది' మాత్రం పచ్చి అబద్ధం, లేదా పచ్చి నేరం. ప్రొఫెకో అని వాళ్ళకి వినియోగదారుల సంస్థ ఉందట, కేంద్ర ప్రభుత్వానిదే. ఆ పేరెత్తితే చాలా చోట్ల సర్వీస్ ఛార్జీ తీసేస్తారని కూడా ఆ అమ్మాయే చెప్పింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ చెప్పినట్టే 30వ అవెన్యూ వైపు నడిచాం. ప్లయాలో అవెన్యూలు ఐదేసి చొప్పున లెక్క: 5, 10, 15, అలా. 30 అంటే సముద్రం నుంచి ఆరో వీధే, పిల్లలతో కూడా నడవొచ్చు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద పెద్ద అక్షరాల్లో రేట్లు, పని బట్టల్లోనే వచ్చి తింటున్న ఊరివాళ్ళు. ఇలాంటి చేపల హోటళ్ళని మారిస్కెరియా అంటారు. చాలావరకు మధ్యాహ్నం భోజనానికే, సాయంత్రానికి కట్టేస్తారు, అందుకే రాత్రి తిరిగే మనలాంటివాళ్ళకి కనబడవు. మొహారా అనే చేపని నిలువునా గాట్లు పెట్టి కరకరలాడేలా వేయించి ఇచ్చారు, వెల్లుల్లి రొయ్యలు కూడా తీసుకున్నాం. ఆరుగురికి టిప్పుతో కలిపి 1,500 పెసోలు. పక్కన పెట్టిన హబనేరో మిరపకాయల పచ్చడి మాత్రం చూసి వేసుకోండి. గుంటూరు కారం తిన్న నాలుకండీ అని ఫోజు కొట్టిన అన్నయ్యగారు మూడు గ్లాసుల నీళ్ళు తాగారు.

సెవిచే, పచ్చి రొయ్యలతో చేసే అగ్వాచీలె పొయ్యి మీద వండరు, నిమ్మరసంలో నానబెడతారంతే. కడుపుతో ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు వాటి జోలికి పోకపోవడం మేలు. చేపని అరిటాకులో చుట్టి కాల్చే టికిన్ షిక్ దొరికితే తినండి.

తూకం లెక్కన అమ్మే ఏ చేపైనా ముందు మీ ఎదుట కాటా వేయించి, మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే లేచి రండి, పక్కనే ఇంకో వంద హోటళ్ళు ఉంటాయి. మా బిల్లు ఫోటో ఉంది కాబట్టి సర్వీస్ ఛార్జీ మీద, డాలర్లలోకి మార్చిన దాని మీద కార్డు కంపెనీకి డిస్ప్యూట్ పెట్టాను. మూడు వారాలైంది, "పరిశీలనలో ఉంది" అంటున్నారు.