చాప్టర్ 7లో ఇల్లు వదిలేశాక 29 నెలలు: నా రివ్యూ

మేముండేది న్యూజెర్సీలో. 2019 అక్టోబర్‌లో చాప్టర్ 7 దివాలా (కోర్టు చాలా అప్పుల్ని కొట్టేసే రకం) వేశాను. టౌన్‌హౌస్ లోన్ ఇక లాగలేక తాకట్టు ఆస్తిని ఏం చేస్తామో దివాలా కోర్టుకి చెప్పే ఫారం 108లో 'సరెండర్' (వదిలేస్తాను) దగ్గర టిక్ పెట్టి, డిసెంబర్‌లో సామాను సర్దుకుని అపార్ట్‌మెంట్‌కి మారిపోయాం. ఇన్నేళ్ల తర్వాత స్టార్లు ఇవ్వమంటే చాప్టర్ 7కి నాలుగిస్తాను. క్రెడిట్ కార్డుల అప్పు, లోన్ బాకీ, అప్పటిదాకా పడ్డ హెచ్‌ఓఏ (నెలనెలా రుసుము వసూలు చేసే ఇళ్ల యజమానుల సంఘం) బకాయి, అన్నీ ఫిబ్రవరికల్లా నా మెడ మీంచి దిగిపోయాయి. సరెండర్‌కి మాత్రం రెండే.

ఆ మాట వింటే తాళాలు బ్యాంకు చేతిలో పెట్టి దులుపుకుని వచ్చేయడమే అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి మనం 'ఈ ఇల్లు నాకొద్దు' అని చెప్పినట్టు, అంతే. బ్యాంకు వేలం వేసి తీసుకునేదాకా డీడ్ (యాజమాన్య పత్రం) మన పేరే. ఎప్పుడు తీసుకోవాలన్నది బ్యాంకు ఇష్టం, తొందరపెట్టే దారి మనకు లేదు. ఇల్లు పోయింది కానీ ఇంటి మీద పేరు పోలేదు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి ఫోర్‌క్లోజర్లు (బాకీ పడ్డ ఇళ్లను బ్యాంకులు తీసుకోవడం) ఆపేశారు. నా ఫైలు ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

హెచ్‌ఓఏ నుంచి మొదటి ఉత్తరం ఆ వేసవిలో వచ్చింది, తులసి కుండీ గురించి! హడావుడిలో వాకిట్లో వదిలేసి వచ్చిన కుండీలో మొక్క ఎండి పుల్లలైంది. 'ముందు వాకిట్లో ఎండిన మొక్క, 50 డాలర్ల ఫైన్' అని రాశారు. దాని కిందే నవంబర్ నుంచి నెలకి 310 చొప్పున బకాయి. అన్నీ కొట్టేశారు కదా అని లాయర్‌కి ఫోన్ చేస్తే ఆయన దివాలా చట్టంలో సెక్షన్ 523(ఏ)(16) ఉంది అన్నాడు. దివాలా వేసిన రోజు తర్వాత పడే హెచ్‌ఓఏ డబ్బు, ఇంటి మీద మనకి హక్కున్నంత కాలం మనమే కట్టాలి. 2005కి ముందైతే మనం అందులో ఉన్నా, అద్దెకిచ్చుకున్నా మాత్రమే కట్టాలి. ఆ ఏడాది చట్టం మార్చి ఆ వెసులుబాటు తీసేశారు. ఖాళీ చేసినందుకు ఏ లాభమూ లేదన్నమాట. ఈ ముక్క టిక్ పెట్టక ముందు చెప్పొద్దూ!

చాప్టర్ 13 (కొన్నేళ్లపాటు వాయిదాల్లో కట్టే దివాలా) వాళ్ల లెక్క వేరు. 2018లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు (కొన్ని రాష్ట్రాలకి కలిపి ఉండే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) అలాంటి బకాయి కూడా రద్దవుతుందని తీర్పిచ్చింది. అది వాషింగ్టన్, కాలిఫోర్నియా వైపు. మాకు వర్తించదు.

మిగతా ఖర్చుల్లో ప్రాపర్టీ టాక్స్ బ్యాంకే కట్టుకుంది, లేకపోతే టౌన్‌షిప్ దాని తాకట్టు కంటే ముందు నిలబడుతుంది కాబట్టి. ఇన్సూరెన్స్ కూడా బ్యాంకే వేసింది, కానీ అది వాళ్ల డబ్బుకి కాపలా. ఖాళీ ఇంట్లో ఎవరైనా జారిపడితే కేసు నా మీదే. అందుకని ఖాళీ ఇళ్లకిచ్చే పాలసీ విడిగా తీసుకున్నాను. చలికాలం టెన్షన్ ఇంకోటి. పైపు పగిలితే నీళ్లు పక్కింటి గోడలోకే పోతాయి. గ్యాస్ బిల్లు నా పేరునే ఉంచి, హీటర్ 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి, పదిహేను రోజులకోసారి వెళ్లి చూసొచ్చేవాణ్ణి. సొంతమని చెప్పుకోలేని ఇంటికి కాపలా!

నలుగురూ ఏమనుకుంటారోనని ముందే ఖాళీ చేయడం నేను చేసిన పెద్ద తప్పు. ఎలాగూ 310 కట్టాల్సిందే అయినప్పుడు వేలం దాకా అందులోనే ఉంటే అపార్ట్‌మెంట్ అద్దె మిగిలేది. 29 నెలలకి 8,990 డాలర్లు, ఆలస్య రుసుములు పైన. వాయిదాల మీద కట్టాను.

2022 మార్చి మొదట్లో షెరీఫ్ వేలం (కౌంటీ షెరీఫ్ నడిపే ఇంటి వేలం) అయింది. బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే పది రోజుల గడువు దాటాక, నెలాఖరుకి డీడ్ బ్యాంకు పేరున రికార్డయింది. కౌంటీ ఆఫీసు నుంచి కాపీ తీసుకుని నేనే హెచ్‌ఓఏకి పంపాను. వాళ్లంతట వాళ్లు పేరు మారుస్తారని కూర్చోకండి. ఏప్రిల్ బిల్లు కూడా నాకే వచ్చింది, కాపీ చూపించాకే వెనక్కి తీసుకున్నారు.