విశాఖ కురుపాం మార్కెట్‌లో పాత కెంపు ఉంగరం కొన్నాం, కొనేముందు ఏం చూశామో చెప్తా

అమ్మకి అరవై నిండాయి, కెంపు ఉంగరం కావాలంది. ఎవరో పంతులుగారు సూర్యుడికి మంచిదన్నారట. కొత్తదాని కోసం రెండు షోరూములు తిరిగితే బంగారం, మజూరీ, తరుగు, రాయికి మళ్ళీ వేరే, అన్నీ కలిపి చెప్పిన లెక్కకి కళ్ళు తిరిగాయి. సరే పాతది చూద్దాం అని గురువారం కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకుని అట్నుంచటే కురుపాం మార్కెట్ సందుల్లోకి వెళ్ళాం. షాపు పేరు రాయను, ఎందుకంటే ఆయన కావాలని మోసం చేశాడని నాకనిపించలేదు, ఆయనకే తెలీదు పాపం.

ట్రేలో ఆరేడు ఉంగరాలు పెట్టాడు. అందులో ఒకటి కోడిగుడ్డు ఆకారంలో పెద్ద ఎర్ర రాయి, దానిమ్మ గింజని పెద్దది చేసినట్టు, లోపల ఒక్క మరక లేదు. "ఇది 1960ల నాటిదమ్మా, విజయనగరం వైపు పెద్దింటి వాళ్ళది, ఆ కాలం వాళ్ళు దొంగ రాయి పెట్టుకుంటారేటి?" అన్నాడు. అంతే, మా అమ్మ పడిపోయింది, వేలికి పెట్టేసుకుని తియ్యదు.

తర్వాత ఒక చిన్న యూవీ టార్చ్ తీసి లైటు ఆపి రాయి మీద వేశాడు. నిప్పు కణికలా వెలిగింది, చూడ్డానికి నిజంగా బాగుంటుంది. కానీ ఇది నమ్మకండి. కెంపులో క్రోమియం ఉంటుంది కాబట్టి జాతి కెంపూ అలా వెలుగుతుంది, ఫ్యాక్టరీలో చేసిన కెంపూ వెలుగుతుంది, ఫ్యాక్టరీదే ఒక్కోసారి ఇంకా గట్టిగా వెలుగుతుంది. అలాగే అద్దం మీద గీసి చూపించడం, పాలల్లో వేస్తే పాలు ఎర్రబడతాయి అనడం, ఇవన్నీ వదిలేయండి. అద్దాన్ని గీకడానికి కెంపే అక్కర్లేదు, ఇంకా చాలా రాళ్ళు గీకుతాయి.

షాపులో పసుప్పచ్చ స్పాట్‌లైట్ల కింద ఏ ఎర్ర రాయైనా బాగానే ఉంటుంది. బయటికి తీసుకెళ్ళి చూస్తానంటే కుర్రాణ్ణి తోడిచ్చి పంపాడు. బైకుల మధ్య నిలబడి ఎండలో తిప్పి చూస్తే రంగు బాగానే ఉంది, అదీ మరీ బాగుంది. నా దగ్గర పదింతలు పెద్దగా చూపించే లెన్స్ ఉంది (ఆన్‌లైన్‌లో నాలుగొందలు పెట్టి కొన్నా, మా ఆయన నవ్వాడు). దాంతో చూస్తే లోపల శుభ్రం. ఇంత సైజులో, ఇంత రంగులో, ఇంత శుభ్రంగా ఉన్న జాతి కెంపు అంటే లక్షల్లో మాట, ఆయన చెప్పిన ధరకి వచ్చేది కాదు, నాకు అనుమానం అక్కడే మొదలైంది. రాయిని అటూ ఇటూ వంచుతుంటే ఒక చోట సన్నటి గీతలు వంపు తిరిగి కనపడ్డాయి, గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లాగ. భూమిలో పెరిగిన కెంపులో రంగు గీతలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి, వంపు తిరగవు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, పాతది కాబట్టి జాతిదే అనుకుంటారు. ఫ్రాన్స్‌లో వెర్నుయ్ అనే ఆయన మంటలోంచి అల్యూమినా పొడి జార్చి, అది కరిగి పొర మీద పొర పేరుకునేలా కెంపు తయారుచేసే పద్ధతిని 1902లోనే బయటపెట్టాడు. ఆ వంపు గీతలు ఆ పొరలవే. అంటే మన అమ్మమ్మలు పుట్టకముందే ఫ్యాక్టరీ కెంపులున్నాయి. 1960ల ఉంగరంలో అది ఉండటం వింతేం కాదు, ఆ పెద్దింటి వాళ్ళకి కూడా తెలిసి ఉండదు.

షాపాయనకి చెప్తే మొహం కొంచెం మాడింది, కానీ టెస్టింగ్‌కి పట్టుకెళ్తానంటే వద్దనలేదు, ఇది మాత్రం ఆయన గొప్పే. బంగారం ధర మొత్తం డిపాజిట్ కట్టించుకుని స్లిప్ రాసిచ్చాడు. ద్వారకానగర్ వైపు రాళ్ళు టెస్ట్ చేసేవాళ్ళ దగ్గర 700 తీసుకుని మర్నాడు రిపోర్ట్ ఇచ్చారు, సింథటిక్ రూబీ అని, అంటే ఫ్యాక్టరీ కెంపే. అక్కడ అమ్మాయి ఓపిగ్గా మైక్రోస్కోప్‌లో చూపించింది కూడా, గీతలతో పాటు చిన్న గాలి బుడగలున్నాయి. రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (రాయిలో వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే నంబర్) 1.76 దగ్గర, జాతిదానికీ అదే వస్తుందట, రెండూ ఒకటే పదార్థం కాబట్టి, అందుకని ఆ ఒక్క నంబర్ చూపించి జాతిది అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ట్రేలో ఇంకో చిన్న ఉంగరం కూడా పట్టుకెళ్ళా. అది జాతి కెంపే, కానీ పగుళ్ళలో సీసం గాజు నింపింది, తిప్పితే లోపల నీలంగా మెరుస్తుంది. దీన్ని కంసాలి మంట దగ్గర పెడితే పాడవుతుంది, నిమ్మరసం తగిలినా గాజు దెబ్బతింటుంది. మా ఇంట్లో పులిహోర కలిపే చేతికి అది పనికిరాదు, తిరిగిచ్చేశా.

ఇక అసలు గొడవ బిల్లు దగ్గర. ఉంగరం మొత్తం 5.20 గ్రాములు. ఆయన 5.20కీ బంగారం రేటు వేసి, దాని పైన రాయికి క్యారెట్ 6,000 లెక్కన ఇంకో 21,000 వేశాడు. అంటే రాయికి ఒకసారి బంగారం రేటు, ఇంకోసారి కెంపు రేటు! రాయి 10 మిల్లీమీటర్ల పొడవు, 8 వెడల్పు, లోతు 5.5, ఈ మూడూ గుణించి 0.008తో మళ్ళీ గుణిస్తే కోడిగుడ్డు ఆకారం కెంపు బరువు క్యారెట్లలో సుమారుగా వస్తుంది. మూడున్నర వచ్చింది. రాళ్ళ బరువులో క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అంటే 0.70 గ్రాములు తీసేస్తే బంగారం 4.50. ఫోన్‌లో కాలిక్యులేటర్ కొట్టి చూపిస్తే, "మీరు బేంకా అమ్మా?" అన్నాడు. కాదండీ, స్కూల్లో లెక్కలు చెప్తా.

లోపలి వైపు షాపు అక్షరాలే గుద్ది ఉన్నాయి, హాల్‌మార్క్ లేదు. రెండు గ్రాములు దాటిన నగ షాపులో అమ్మాలంటే 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ (ఒక్కో నగకీ విడిగా ఇచ్చే హాల్‌మార్క్ నంబర్) ఉండాలి. అది లేకుండా తీసుకోనన్నాను, "పాతదానికెందుకమ్మా" అని సణిగి రెండ్రోజుల్లో వేయించాడు. కేంద్రం వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి చూశా, బంగారం స్వచ్ఛత 22 క్యారెట్ అని వచ్చింది. హాల్‌మార్క్ బంగారానికే, రాయి గురించి అది ఏమీ చెప్పదు, ఇది గుర్తుంచుకోండి.

చివరికి 4.50 గ్రాములకి బంగారం రేటు, రాయికి 500, అంతే కట్టాం. రాయి జాతిది కాదని అమ్మకి రిపోర్ట్ చదివి వినిపించా, కాసేపు ఊరుకుని "రంగు బాగుంది కదే" అంది, తియ్యలేదు. పంతులుగారికి చెప్పొద్దంది. ఆదివారం పాలలో కడిగి పెట్టుకుంది.

ఐదుకి మూడున్నర ఇస్తా. మాట బాగుంది, టెస్టింగ్‌కి పంపాడు, హాల్‌మార్క్ వేయించాడు. బిల్లు తప్పుకి ఒకటి కట్. మిగతా అర ఎందుకంటే రాయిని పట్టుకునే గోర్లలో ఒకటి అరిగిపోయి ఉంటే ఫ్రీగా సరిచేసిస్తానని చేశాడు గానీ చివర నున్నగా చెయ్యలేదు, అమ్మ పట్టుచీర కొంగు పట్టేస్తోంది, వచ్చే శనివారం మళ్ళీ వన్‌టౌన్‌కి పట్టుకెళ్ళాలి.