బాప్ టిల్ యూ డ్రాప్: పాత పాటల మీద రై కూడర్ జారు

అమెరికన్ గిటారిస్టు రై కూడర్ పేరు మన దగ్గర ఎక్కువమందికి పరిచయమైంది విశ్వమోహన్ భట్ మోహనవీణతో కలిసి వాయించిన 1993 నాటి ‘ఎ మీటింగ్ బై ద రివర్’ ద్వారా. ఆ నెమ్మది కోసం వెతుక్కుంటూ వచ్చి 1979 నాటి ‘బాప్ టిల్ యూ డ్రాప్’ పెట్టుకుంటే మొదటి పాటకే ఉలిక్కిపడతారు. ఇది రిథమ్ అండ్ బ్లూస్ రికార్డు, అంటే అమెరికా నల్లజాతివాళ్ల ఊపున్న పాటల బాణీ. ఉన్న 9 పాటల్లో 8 వేరేవాళ్లవి. ఎల్విస్ ప్రెస్లీ, ఐక్-టీనా టర్నర్, హోవర్డ్ టేట్ లాంటివాళ్లు 1960ల్లో పాడినవే అందులో ఎక్కువ.

కూడర్ గొంతు అంతంత మాత్రమేనని విన్నవాళ్లు అంటారు. నిజమే. అది ఆయనకూ తెలుసనే అనిపిస్తుంది, అందుకే పక్కన బాబీ కింగ్ లాంటి కోరస్ గొంతుల్ని పెట్టుకున్నాడు. ‘లిటిల్ సిస్టర్’ వినండి. ఎల్విస్ 1961లో దాన్ని ఒక్క ఊపులో లాగేశాడు. కూడర్ తాపీగా మాట విసురుతాడు, కోరస్ అందుకుంటుంది, మధ్యలో ఖాళీని గిటార్ పూర్తిగా నింపదు. ఆ ఖాళీ ఉండబట్టే పాట కొత్తగా ఉంది. సొంతపాట ‘డౌన్ ఇన్ హాలీవుడ్’ ఒక్కటే, గాయని చాకా ఖాన్ గొంతు కలిపినా మిగతావాటి పక్కన అతకలేదు. ఆమె గొంతు కలిపిన ఇంకో పాట, ఎల్పీ రెండో వైపున్న ‘డోంట్ మెస్ అప్ ఎ గుడ్ థింగ్’ దానికంటే చాలా నయం.

అసలు సరుకు మొదటి వైపు నాలుగో పాట, ‘ఐ థింక్ ఇట్స్ గోయింగ్ టు వర్కవుట్ ఫైన్’. మూలంలో టీనా పిలుస్తుంది, మగగొంతు పలుకుతుంది. ఇక్కడ మాటలే లేవు, ఆ సంభాషణంతా స్లైడ్ గిటార్, అంటే తీగల మీద గొట్టం జార్చి వాయించే గిటార్, మోస్తుంది. చిత్రవీణ విన్న చెవికి ఈ జారు కొత్తేం కాదు: స్వరం మీద నేరుగా వాలదు, కాస్త కింద నుంచి పాకి వచ్చి ఆగుతుంది, ఆగాకే వణుకుతుంది.

గిటార్ నేర్చుకునేవాళ్లు ఈ ఒక్క పాటతో నెల గడపొచ్చు. స్లైడ్ సాధనకు ఓపెన్ డి మంచిది, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితేనే డి మేజర్ కార్డు పలికే శ్రుతి. మామూలు శ్రుతి నుంచి 6, 2, 1 తీగల్ని ఒక్కో స్వరం (రెండు ఫ్రెట్లంత), 3వ తీగను అర స్వరం (ఒక ఫ్రెట్టంత) దించాలి. 5, 4 కదపక్కర్లేదు. కొత్త ఎలక్ట్రిక్ గిటార్‌కు మామూలుగా వచ్చే 9 నంబరు సన్న తీగల సెట్టు ఇలా దించగానే వదులైపోయి ఫ్రెట్లకు టకటకా కొట్టుకుంటుంది, 12తో మొదలయ్యే మందపాటి సెట్టు వేయండి. గాజు గొట్టం ఫ్రెట్టు కడ్డీకి సరిగ్గా పైన ఉండాలి, రెండు కడ్డీల మధ్య కాదు. ఎక్కువమంది శ్రుతి తప్పేది ఇక్కడే. గొట్టాన్ని చిటికెన వేలికి తొడిగి, దాని వెనక మిగతా వేళ్లు తీగల్ని సుతారంగా తాకుతూ రావాలి, లేకపోతే వెనక భాగం కూడా మోగి గోల చేస్తుంది. పల్చటి స్టీలు గొట్టంతో ఈ నిండుతనం రాదు, బరువైన గాజుదే తీసుకోండి.

శ్రోతలు ఎక్కువగా పోట్లాడుకునేది మాత్రం శబ్దం గురించి. పెద్ద కంపెనీ విడుదల చేసిన తొలి పూర్తి డిజిటల్ రాక్ ఆల్బమ్‌గా దీనికి పేరు. 3ఎం కంపెనీ వాళ్ల 32 ట్రాకుల డిజిటల్ యంత్రం మీద ఎక్కించారు. మామూలు టేపు మీదైతే డ్రమ్ము దెబ్బ అంచు కాస్త అరిగి గుండ్రంగా వస్తుంది, ఇక్కడ ఆ అరుగుదల లేదు. డ్రమ్మర్ జిమ్ కెల్ట్‌నర్ స్నేర్ డ్రమ్ము చెక్క మీద చెక్క పడ్డట్టు పొడిగా తగులుతుంది. పల్చగా ఉందనేవాళ్లది అబద్ధం కాదు.

కానీ సగం తప్పు గదిది. హైదరాబాద్ ఫ్లాట్లలో కింద టైల్స్, చుట్టూ బోసి గోడలు, ఒకపక్క నిలువెత్తు అద్దం తలుపు. అలాంటి గదిలో ఈ రికార్డు చెవులు కోస్తుంది. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య ఓ వరంగల్ జంపఖానా పరిచి, అద్దానికి మందపాటి కర్టెన్ లాగి వినండి, తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. బేస్ పెంచితే సరిపోతుందనుకోవద్దు. టిమ్ డ్రమండ్ బేస్ గిటార్ ఉబ్బిపోయి స్లైడ్ దాని కింద నలుగుతుంది. బేస్ కదపకుండా ఈక్వలైజర్‌లో 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఓ 2 డెసిబెల్స్ తగ్గించండి, అంతకుమించితే గాజు గీసిన రవ్వ పోతుంది.

ఎల్పీయా సీడీయా అంటే, బాగున్నది దొరికితే ఎల్పీ. పాత ప్రతి కొనేటప్పుడు అట్ట మెరుపు చూసి మోసపోవద్దు. ప్లేట్‌ని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని తిప్పి వంకర చూడండి. మే నెల ఎండలో కారు సీటు మీద అరగంట ఉన్నా వంగిపోతుంది మరి. దుకాణంలో ప్లేయర్ ఉంటే మొదటి పాట కాకుండా నాలుగోది వేయమనండి. గీతలన్నీ మొదటి పాట డ్రమ్ముల్లో దాక్కుంటాయి. నాలుగో పాటలో స్లైడ్ సన్నగిల్లే చోట ఒక్క చిటపట ఉన్నా బయటపడుతుంది.