తాకట్టు కొట్టుకి పానిక్ స్విచ్ కిట్: కొనొచ్చు, కానీ సైరన్ సంగతి చూసుకోండి

నరసాపురం, పాలకొల్లు వైపు బంగారం, తాకట్టు కొట్లకీ, 216 హైవే పక్క బంకులకీ బిగించే రకం కిట్ ఇది, దోపిడీ వేళ బటన్ నొక్కితే పెట్టిన నంబర్లకి ఫోన్ కాల్ వెళ్తుంది. సిమ్ వేసే ప్యానెల్, కాలి స్విచ్, కౌంటరు కింద బటన్, సైరన్, 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపియర్-గంటల) బ్యాటరీ. సామాను గట్టిదే. బిగించి వెళ్లే తీరే బాగోదు.

అసలు చిక్కు సైరన్ దగ్గర. మామూలు సెట్టింగులో బటన్ నొక్కగానే అది మోగుతుంది. రాత్రి షట్టర్ పగలగొట్టే దొంగకి అది సరే. పట్టపగలు కత్తో తుపాకో పట్టుకుని లోపల నిలబడ్డవాడు మాత్రం ఆ మోతకి బెదిరి, ఎదురుగా ఉన్న గుమాస్తా మీద పడతాడు. ఈ బటన్, కాలి స్విచ్ కలిపే లైనుని (పానిక్ జోన్) ప్యానెల్‌లో సైలెంట్‌కి మార్పించి, బిల్లు కట్టేముందే నొక్కించి చూడండి. కొట్లో చిన్న బీప్ కూడా రాకూడదు, ఫోన్లు మాత్రం మోగాలి.

కాలి స్విచ్‌లో బొటనవేలు కింద దూర్చి పైకి లేపే రకం తీసుకోండి. తొక్కే రకమైతే స్టూలు జరిపినా కాల్ వెళ్లిపోతుంది. రెండుసార్లు ఉత్తుత్తి కాల్ వెళ్తే మూడోసారి ఎవరూ రారు. తడిగుడ్డ పెట్టే నేల కాబట్టి రెండంగుళాలు పైకి బిగించాలి. వైరింగ్ ‘నార్మల్లీ క్లోజ్డ్’ (నొక్కనప్పుడు కలిసే ఉండి, నొక్కితే తెగే పద్ధతి) అని గట్టిగా చెప్పండి. ఉప్పుగాలికి కాంటాక్టు పాడైనా, ఎలుక తీగ కొరికినా ప్యానెల్ వెంటనే చెప్పేస్తుంది. నొక్కితేనే కలిసేలా (‘ఓపెన్‌’గా) బిగిస్తే ఆ సంగతి దోపిడీ రోజునే తెలుస్తుంది.

ఈ ప్యానెల్‌కి 2జీ కావాలి, జియో సిమ్ పనికిరాదు. వేసిన సిమ్‌కి రీఛార్జి గడువు దాటనివ్వకండి. ప్యానెల్ 150 మిల్లీయాంపులు లాగితే కొత్త బ్యాటరీ లెక్కప్రకారం 46 గంటలు, పాతబడితే అందులో సగం. తుపానుకి కరెంటు మూడురోజులు పోతే చాలదు.

ప్యానెల్ కాల్ చేసే నంబర్లలో మొదటిది యజమానిది, రెండోది ఎదురు కొట్టువాళ్లది పెట్టండి. వాళ్లు లోపలికి పరిగెత్తుకు రాకూడదు, దూరం నుంచే 112కి చెప్పి బండి నంబరు చూడాలి.

ఎప్పుడు నొక్కాలో మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. ఆయుధం మీ వైపు ఉన్నప్పుడు చెయ్యి కౌంటరు కిందికి పోకూడదు, మీరే ఏదో తీస్తున్నారనుకుంటాడు. కాలికి అందితే సరే, లేదంటే వాళ్లు పోయాకే. గల్లా తియ్యాలంటే ‘తాళం జేబులో ఉందండీ, తీస్తున్నా’ అని చెప్పి నిదానంగా తియ్యండి. ఎదురు తిరగొద్దు, వెంటపడొద్దు. వెళ్లగానే షట్టర్ దించి 112కి చెయ్యండి. వాళ్లు ముట్టుకున్నవి అలాగే వదిలేసి, ఎవరు చూసినవి వాళ్లు మాట్లాడుకోకుండా విడిగా రాసుకోవాలి.

కెమెరాల వీడియో రికార్డు చేసే డీవీఆర్‌ పెట్టెని కూడా కౌంటరు దగ్గరే పెట్టేస్తామంటారు బిగించేవాళ్లు, వైరు కలిసొస్తుందని. ఒప్పుకోకండి. దొంగలు పోతూ పోతూ దాన్నే పీక్కుపోతారు. లోపలి గదిలో తాళం వేసే అల్మరాలో పెట్టించండి.