మూడో వరుస నిండేవారికే కియా ఈవీ9

మూడు వరుసల కారు అనగానే చివరి వరుస పిల్లలకో సామాన్లకో పరిమితమని మనం ముందుగానే అనుకుంటాం. 2023లో వెలువడిన విద్యుత్ కారు కియా ఈవీ9 విషయంలో ఆ అంచనా చాలావరకు తప్పుతుంది. బండి పొడవు 5 మీటర్లు దాటగా అందులో 3.1 మీటర్లు ముందు, వెనుక చక్రాల నడుమే ఉండటం, ఇంజనూ గొట్టాలూ లేనందున నేల చదునుగా రావడం, పైకప్పును వెనుక వరకూ దాదాపు సమంగా సాగదీయడం వల్ల చివరి వరుసలో పెద్దవాళ్లు సైతం కుదురుగా కూర్చోగలుగుతారు. అయితే బ్యాటరీని నేల కింద పరిచినందువల్ల పాదాలు ఆనే చోటు కాస్త ఎత్తవుతుంది. మోకాళ్లు పైకి లేచి తొడలకు ఆసరా తగ్గడం దూర ప్రయాణంలో తెలిసొస్తుంది. ఆరు సీట్ల రకంలో రెండో వరుస కుర్చీలు కొన్ని దేశాల్లో వెనక్కి తిరుగుతాయి గానీ, అలా ఎదురెదురుగా కూర్చోవడం బండి ఆగి ఉన్నప్పటి ముచ్చటే.

అందరూ ఎక్కాక సామాన్ల సంగతి వేరు. మూడు వరుసలూ నిండితే డిక్కీలో మిగిలేది 333 లీటర్లు, అంటే ఒక చిన్న కారు డిక్కీ పాటి చోటు. చివరి వరుసను మడిస్తే అది 828 లీటర్లకు పెరుగుతుంది. కాబట్టి మనుషులూ పెట్టెలూ సమానంగా ఉండే ప్రయాణాలకు పైన క్యారియర్ బిగించుకోక తప్పదు, దానివల్ల గాలి నిరోధం పెరిగి బ్యాటరీ త్వరగా తరుగుతుంది.

ఈ బండిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఛార్జింగ్ ఏర్పాటు. చాలా విద్యుత్ కార్లు సుమారు 400 వోల్టుల మీద నడుస్తుంటే దీనిది 800 వోల్టుల వ్యవస్థ. వోల్టేజీ రెట్టింపయితే అంతే శక్తిని సగం కరెంటుతో పంపవచ్చు, కరెంటు సగమైతే అదే తీగలో పుట్టే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే 99.8 యూనిట్ల భారీ బ్యాటరీ సైతం తగిన ఛార్జర్ దగ్గర 10 నుంచి 80 శాతానికి 24 నిమిషాల్లో చేరుతుందని కంపెనీ చెబుతోంది. ఇక్కడ ‘తగిన’ అనే మాటను కొనేవారు రెండుసార్లు చదువుకోవాలి. మీ దారిలో ఉన్నది 50 కిలోవాట్ల ఛార్జరే అయితే అదే 70 శాతానికి గంటన్నర దాకా పడుతుంది, అప్పుడు ఈ 800 వోల్టుల ఘనత కాగితానికే పరిమితం. ఇంట్లో 11 కిలోవాట్ల ఛార్జర్ పెట్టుకోగలిగినవారికి మాత్రం రాత్రి తగిలిస్తే తెల్లారేసరికి నిండుతుంది గనుక రోజువారీ తిరుగుళ్లలో ఈ చింతే ఉండదు.

ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లే దూరం గురించి చెప్పే అంకెలనూ ఇలాగే జాగ్రత్తగా చూడాలి. వెనుక చక్రాలతో నడిచే రకానికి యూరప్ పరీక్షా పద్ధతిలో 563 కిలోమీటర్ల వరకు వచ్చింది. కానీ ఇది రెండున్నర టన్నుల బరువుకు అటూఇటూగా ఉండే నిలువెత్తు బండి, పైగా గాలి నిరోధం వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది. వేగంగా సాగే రహదారిపై వంద కిలోమీటర్లకు 25 యూనిట్లు ఖర్చవుతాయనుకుంటే మొత్తం దూరం 400 దగ్గర ఆగుతుంది. ప్రయాణం మధ్యలో ఎవరైనా వాడుకునేది 80 నుంచి 10 శాతం వరకే కాబట్టి ఒక మజిలీకీ ఇంకో మజిలీకీ నడుమ 280 కిలోమీటర్లు లెక్క వేసుకోవడం క్షేమం. చలికాలంలో ఇంకా తగ్గించుకోవాలి.

రెండు మోటార్లతో నాలుగు చక్రాలకూ శక్తి అందే 283 కిలోవాట్ల రకం 5.3 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, వెనుక చక్రాల రకానికి 9.4 సెకన్లు పడుతుంది. ఏడుగురిని కూర్చోబెట్టుకుని ఆ మొదటి అంకెను నిరూపించాలని ఎవరికి ఉబలాటమో నాకు అర్థం కాదు! మంచులో నడిపేవారికి, ట్రైలర్ లాగేవారికి రెండో మోటారు అవసరమే. మిగిలినవారికి అది దూరాన్ని తగ్గిస్తుంది, ముందు బానెట్ కింది అరను 90 లీటర్ల నుంచి 52కు కుదిస్తుంది.

లోపలి హంగుల్లో కొన్ని ఈ స్థాయికి తగినట్టు లేవు. డ్యాష్‌బోర్డుపై 12.3 అంగుళాల తెరలు రెండూ స్పష్టంగా ఉన్నా, వాటి మధ్య ఏసీ కోసం అమర్చిన 5.3 అంగుళాల చిన్న తెర చాలామంది డ్రైవర్లకు స్టీరింగ్ చక్రం చాటున పడిపోతుంది. ఉష్ణోగ్రత మార్చేందుకు విడిగా మీటలు ఉంచారు కాబట్టి సరిపోయింది, లేకుంటే ఇది పెద్ద లోపమే అయ్యేది. తోలు వాడకపోవడాన్ని నేను తప్పుపట్టను, చేతికి తగిలే చోట్ల గట్టి ప్లాస్టిక్‌ను మాత్రం ఇంకాస్త తగ్గించాల్సింది. ఇదే స్థాయి ప్రత్యర్థుల్లో కొన్నింటికి ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలితో కుదుపులను అణిచే ఏర్పాటు) ఉంది, దీనికి లేదు. నేరుగా సాగే రోడ్డుపై ఆ లోటు కనిపించదు గానీ వంకర దారుల్లో బరువు ఒరగడం తెలుస్తుంది.

దాదాపు రెండు మీటర్ల వెడల్పు చివరి అడ్డంకి. పాతకాలపు పార్కింగ్ గడుల్లో బండి పడుతుంది, తలుపు తెరిచి దిగడమే కష్టం. కొనాలనుకునేవారు షోరూంలో రంగు ఎంచుకోవడానికి ముందు రెండు పనులు చేయాలి: తాము రోజూ బండి నిలిపే చోటును టేపుతో కొలవాలి, ఇంట్లో అందరికంటే పొడుగైన మనిషిని మూడో వరుసలో కనీసం అరగంట కూర్చోబెట్టాలి.