వలేరియన్ వేరు క్యాప్సూల్స్: సీసా మీద రాతకూ మెదడులో జరిగేదానికీ మధ్య దూరం

మూత తీయగానే ఉతకని మేజోళ్ల వాసన గుప్పుమంది. సరుకు పాడైందని భయపడనక్కరలేదు, నిద్ర కోసం వాడే మూలిక వలేరియన్; దాని ఎండిన వేరులోని ఐసోవలెరిక్ ఆమ్లం వాసనే అంత. నా ఫిర్యాదంతా సీసా మీద "మెదడులో గాబాను నింపి వెంటనే నిద్ర పట్టిస్తుంది" అని పెద్ద అక్షరాలతో వేసిన వాక్యం మీదే.

నాడీకణాల ఉద్రేకాన్ని అణచే రసాయనం గాబా. అది వలేరియన్ సారంలోనూ కొంత ఉంటుంది గానీ, నోటితో తీసుకున్న గాబా రక్తం నుంచి మెదడులోకి చేరేది చాలా తక్కువ. అసలు పని చేసేది ప్రధానంగా వలెరినిక్ ఆమ్లమని పరిశోధకుల అంచనా. ఇది నాడీకణాల మీద గాబాను అందుకునే ప్రోటీన్లైన గాబా-ఎ గ్రాహకాలలో బీటా-2 లేదా బీటా-3 ఉపభాగాలున్న వాటి మీద పనిచేసి, మెదడు తానుగా విడుదల చేసుకున్న గాబా ప్రభావాన్నే బలపరుస్తుంది. దానితో క్లోరైడ్ అయాన్లు కణంలోకి మరింతగా ప్రవేశించి, కణం తొందరగా ఉత్తేజితం కాకుండా ఉంటుంది. ఆందోళన తగ్గించే మందు డయాజెపామ్ కూడా ఈ గ్రాహకాలనే ఆశ్రయిస్తుంది, కాకపోతే అది పట్టుకునే చోటు వేరే. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, బీటా-3 ఉపభాగంలోని ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చిన చిట్టెలుకలలో వలెరినిక్ ఆమ్లం ఆందోళనను తగ్గించలేకపోయింది. ఇంత స్పష్టమైన ఆధారం మూలికల విషయంలో అరుదు.

అయితే చిట్టెలుక మెదడులో రుజువైనది మనిషి పడక మీద అంత తేలికగా కనబడదు. పడుకునే ముందు 500 మిల్లీగ్రాముల సారం చొప్పున నాలుగు వారాలు వాడాను. మొదటి వారం దక్కినవి ఒక తలనొప్పి, రెండు విచిత్రమైన కలలు. మూడో వారం నుంచి గడియారం వైపు చూడటం తగ్గింది. అది వేరు మహిమో, ఆ రోజుల్లోనే ఫోన్ పక్కన పెట్టడం వల్లనో తేల్చలేను. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017 మార్గదర్శకాలలో నిద్రలేమికి వలేరియన్ వద్దనే సూచించింది. ఐరోపా మందుల సంస్థ మాత్రం ఇథనాల్ (ఆల్కహాల్)తో తీసిన పొడి సారాన్ని తేలికపాటి నిద్ర ఇబ్బందులకు అంగీకరిస్తూ, ఫలితం మెల్లగా వస్తుందనీ, రెండు నుంచి నాలుగు వారాలు ఆగకుండా వాడాలనీ చెబుతుంది. ఇక సీసా మీది "వెంటనే" ఎక్కడిది?

సారం ఏ ద్రావణితో తీశారో, వలెరినిక్ ఆమ్లం ఎంత ఉందో ఎక్కడా రాయలేదు. మద్యంతోనూ నిద్రమాత్రలతోనూ కలిపి వాడితే మత్తు పెరగవచ్చన్న హెచ్చరికను చీమతలకాయంత అక్షరాలతో అడుగున ముద్రించారు. సరుకుకు ఐదుకు మూడు, రాతకు ఒకటి.