పట్టుకు పీకో భేష్, జార్జెట్ దగ్గరే జాగ్రత్త

అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి సందులో ఉన్న చిన్న దుకాణం. బోర్డు మీద మూడే మాటలు: ఫాల్, పీకో, కుచ్చులు. నడిమి మాట ఫ్రెంచిది. 'పిక్' అంటే మొన, 'పికో' అంటే బుల్లి మొన. చివర ట రాస్తారు గానీ పలకరు, కాబట్టి మన టైలర్ల ఉచ్చారణకు పెద్దగా వంక లేదు, ఆ దీర్ఘం ఒక్కటే మనది. లేసు అంచు వెంబడి వదిలే చిన్న దారపు ఉచ్చులకు ఆ పేరు. తర్వాత మిషను పనికీ అంటుకుంది: గుడ్డలో వరసగా రంధ్రాలు పడేలా కుట్టి, వాటి నడిమికి కత్తిరిస్తే అంచు పళ్లు పళ్లుగా మిగిలేది. మన చీరకు ఉచ్చులూ లేవు, పళ్లూ లేవు. పోగులు ఊడకుండా దగ్గర దగ్గరగా వేసే జిగ్‌జాగ్‌నే పీకో అంటున్నాం. తెలుగు 'పీకు'తో దీనికి చుట్టరికం లేదు, కుట్టు చెడితే మాత్రం పీక్కుపోతుంది.

ధర్మవరం పట్టు మీద వీళ్ల పని చాలా బాగుంది. ఫాల్ గుడ్డను ముందే నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కుడతారు. ఇది చేయకపోతే మొదటి ఉతుకులోనే నూలు ఫాల్ కుంచించుకుని అంచు ముడతలు పడుతుంది. రంగు దిగే గుడ్డయితే అప్పుడే తెలిసిపోతుంది కూడా. లోపలి చెంగు నుంచి జానెడు వదిలి, రెండున్నర మీటర్ల ఫాల్‌ను అంచుకు ఒక నూలుపోగంత లోపలికి పెడతారు. కింద మిషను కుట్టు, పైన చేతికుట్టు. జరీ మీద సూది పొడవకుండా పక్కనే ఒక్కో పోగు అందుకుంటారు, చీర ముందు వైపు ఆ చేతికుట్టు కనబడదు. ఫాల్ రంగు చీరకు కాదు, బోర్డరుకు కలుపుతారు. అదే సరైన పద్ధతి. చెంగు వంకరగా ఉంటే అడ్డపోగు ఒకటి లాగి, ఆ గీత వెంట కత్తిరించి పీకో వేస్తారు.

జార్జెట్, షిఫాన్ ఇచ్చేటప్పుడు ముందే నోరు విప్పి చెప్పాలి. పట్టుకు వాడిన సూదితోనే వీటినీ కానిచ్చేస్తారు. పలచటి గుడ్డకు 9 లేదా 11 నంబరు సూది పెట్టాలి, 14 పెడితే రంధ్రాలు తేలతాయి. మిషను పాదం కింద గుడ్డను చేత్తో లాగితే సాగిన చోటే కుట్టు పడి అంచు అలలు తిరుగుతుంది, ఇస్త్రీకీ లొంగదు. కుట్టు మరీ సన్నగా వేస్తే రెండు ఉతుకులకు పీకో మొత్తం తాడులా ఊడి వస్తుంది. ఫ్రెంచిలో షిఫాన్ అంటే పేలిక. పీకో చెడిన చీర ఆ అర్థానికే వెళ్లిపోతుంది. ముందు చీర నుంచి కోసిన ముక్క మీదనో, జాకెట్ గుడ్డ చివరనో ఒక అంగుళం వేయించి చూడండి, అడిగితే విసుక్కోకుండా వేస్తారు.

చెంగుకు కుచ్చులు వేయించేటట్టయితే అక్కడ పీకో వద్దనండి, రెండూ వేస్తే డబ్బు దండగ. ఫాల్ మనమే తెచ్చిస్తే కూలి మాత్రమే తీసుకుంటారు. శ్రావణంలో, పెళ్లిళ్లప్పుడు చెప్పిన రోజుకు చీర రాదు, నాలుగు రోజులు వెనక్కి లెక్క వేసుకోవాలి. జాకెట్ గుడ్డ చీరతోనే ఉంటే, అది కోశాకే పీకో వేయాలని చీటీ మీద రాయించండి.